వేన్నీళ్ళకు చన్నీళ్ళు: శీతదేశపు ఇండ్లలోని కలుపు కవాటము



వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడని మనవారు సామెత చెప్పుదురు. అది సంసారమును గూర్చి పుట్టిన మాటయే అయినను, నేడు నేను చెప్పదలచిన విషయమునకు అక్షరాలా సరిపోవుచున్నది. శీతదేశములలో ఇల్లు వెచ్చగా నుంచుటకై నేలక్రింద గొట్టములు పరచి వానిలో వేడినీరు పారించుదురు. ఆ నీరు మిక్కిలి వేడిగా నుండరాదు, చల్లగాను ఉండరాదు. తగిన పాళ్ళలో కలుపుటకు పిడికిలియంత ఇత్తడి కవాటమొకటి యుండును. దానిని మిక్సింగ్ వాల్వు అందురు. కవాటమును త్రిప్పుటకొక చిన్న మోటారు, మోటారునకు ఆజ్ఞలిచ్చుటకు గోడకు తగిలించిన నియామకయంత్రము, ఆ యంత్రమునకు మనుష్యుడు ముందుగా చెప్పియుంచవలసిన రెండు మూడు అంకెలు, ఇవి కలవు. ఆ అంకెలను కుదుర్చు విధమే నేటి ప్రసంగము.

మన ఊళ్ళలో లేని యంత్రము మనకెందుకని మీరడుగవచ్చును. పిల్లలు జర్మనీలోను, స్వీడనులోను, కెనడాలోను కాపురములున్నారు. పురుడు పోయుటకని తల్లులు, వారితో తండ్రులు, మంచు కురియు నెలలలోనే అచటికి పోయి నాలుగైదు మాసములుండుట ఇప్పుడు సామాన్యమైనది. పిల్లలు ఉద్యోగములకు పోగా పగలంతయు ఆ ఇంటికి కాపు పెద్దలే. గోడమీది పెట్టెలో ఎఱ్ఱదీపము వెలిగినపుడు అది యేమి చెప్పుచున్నదో తెలిసియున్న మేలు గదా.

పసిబిడ్డకు నీళ్ళుపోయు ముసలమ్మను జ్ఞాపకము చేసికొనుడు. కాగులోని మరిగిన నీటిని గంగాళములో పోయును. చెంబెడు చన్నీళ్ళు కలుపును. వెంటనే చేయి పెట్టదు. నీటిని కలియద్రిప్పి, ఒక్క క్షణము తాళి, అప్పుడు మోచేయి ముంచి చూచును. వేడి యెక్కువగా నున్నచో మరి చెంబెడు పోయును. కొంచెమే యెక్కువైనచో దోసెడే పోయును. తొందరపడి కలియద్రిప్పకుండ చూచిన వారికి పైనీరు చల్లగా తగులును, క్రిందినీరు కాలుచుండును. వారు మరల వేడినీరు పోయుదురు, తరువాత మరల చన్నీరు పోయుదురు, గంగాళము నిండిపోవును గాని నీరు కుదురదు. ఎంత లోటునకెంత పోయవలయును, పోసిన పిమ్మట ఎంతసేపు తాళవలయును అను రెండే రెండు ప్రశ్నలు ముసలమ్మకు అనుభవముచే తెలియును. యంత్రమునకు అవి మనము అంకెలుగా చెప్పవలయును.

ఇక ఇంటి సంగతి. కట్టెల పొయ్యితోగాని గ్యాసుతోగాని కాచిన నీరు ఒక పెద్ద తొట్టిలో 70 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు 85 డిగ్రీలు ఉండును. ఆ నీటిని నేరుగా నేలలోనికి పంపినచో పైనున్న చెక్కపలకలు బీటలువారును, పాదములు మాడును. మనుష్యులు మసలు తావున నేలపైభాగము 29 డిగ్రీలు దాటరాదని ఐరోపావారు నియమము చేసికొన్నారు. అందుచేత గొట్టములలోని నీరు సామాన్యముగా 30 మొదలు 40 డిగ్రీలలోపల ఉండిన చాలును. కవాటమునకు మూడు ద్వారములు. ఒకదాని వెంట తొట్టినుండి వేడినీరు, రెండవదాని వెంట నేలలో తిరిగి చల్లారివచ్చిన నీరు లోనికి వచ్చి, మూడవదాని వెంట రెండును కలసి నేలకు పోవును. (ఇటీవలి హీట్‌పంపులు కొన్ని 35 డిగ్రీల నీటినే నేరుగా ఇచ్చును గనుక, అట్టి ఇండ్లలో ఈ కవాటముతో పనియుండకపోవచ్చును.)

పావులూరి గణితము విన్న చెవులకు ఇందలి లెక్క కష్టము కాదు. తొట్టిలో నీరు 70 డిగ్రీలు, తిరిగివచ్చు నీరు 30 డిగ్రీలు, కావలసినది 38 డిగ్రీలు. 30 కంటె 38 ఎక్కువ 8. 30 కంటె 70 ఎక్కువ 40. ఎనిమిదిని నలుబదిచే భాగింపగా అయిదవ వంతు. కావున వేడినీరొక పాలు, తిరిగివచ్చిన నీరు నాలుగు పాళ్ళు. కవాటమును నూటికి 20 పాళ్ళు తెరచిన చాలును. ఇదే లెక్కను మరియొక విధముగా చూడుడు: కవాటమును నూటికి ఒక పాలు అధికముగా తెరచినచో కలిసిన నీటి వేడిమి డిగ్రీలో పదింట నాలుగు వంతులు, అనగా 0.4, పెరుగును. ఈ 0.4 అను అంకెను మరువకుడు. దానితో ముందు పని కలదు.

లెక్క ఇంత తేటగా నుండగా ఇంక చిక్కేమున్నది? తొట్టి వేడిమి నిలుకడగా నుండదు. తెల్లవారుజామున 50, సాయంకాలము కట్టెలు వేసిన పిమ్మట 85. బయట మంచు పెరిగినచో తిరిగివచ్చు నీరు మరింత చల్లబడును. కావున యంత్రము ఎడతెగక చూచుచు, ఎడతెగక దిద్దుచుండవలయును. ఆ చూచుటలో జాగు కలదు. కవాటము కదలిన పిమ్మట క్రొత్తనీరు గొట్టము వెంట సెన్సరు దాక రావలయును, ఆ సెన్సరు తాను వేడెక్కవలయును. ఈ జాగునందు యంత్రము పాతవార్తనే నమ్మి తెరచుచునే పోవును. నిజము తెలియునప్పటికి మించిపోవును. అప్పుడు మూయనారంభించును, అదియు మించును. వేడిమి ఉయ్యాలవలె ఊగును. ఈ ఊగిసలాటకు ఇంజనీర్లు వేట అను పేరు పెట్టిరి. వేటకాడు మృగమును దాటిపోయి మరల వెనుకకు మళ్ళుట వంటిదని కాబోలు.

ఈ వేట క్రొత్తది కాదు. జేమ్స్ వాట్ 1788లో ఆవిరియంత్రపు వేగమును అదుపులో నుంచుటకు తిరుగు గుండ్ల జంటనొకదానిని అమర్చెను. తరువాతి వారు దానిని చురుకుగా చేయబోయిన కొలదియు యంత్రములు ఊగనారంభించెను. ఎట్టి కొలతలతో ఊగును, ఎట్టి కొలతలతో ఊగదు అను దానిని గణితముతో తేల్చినవారిలో మొదటివాడు మాక్స్‌వెల్. 1868లో ఆయన దీనిపై వ్యాసము వ్రాసెను. వెలుతురును గూర్చి, విద్యుత్తును గూర్చి మహాసిద్ధాంతములు చేసిన ఆ మేధావికి గుండ్ల ఊగిసలాట చిన్నవిషయముగా తోచలేదు.

ఇండ్ల వెచ్చదనమునకు స్వయంచాలక నియామకము తెచ్చిన వారిలో ఒకడు బడిపంతులని చెప్పుటకు నాకు కొంత గర్వముగానే యున్నది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరిలో ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాల యుండెను. వారెన్ జాన్సన్ అందులో అధ్యాపకుడు. గది వేడిమి చూచుటకు నౌకరు పాఠము నడుమ తలుపు తెరచుకొని వచ్చి, చూచి, క్రిందికి పోయి కొలిమి మూతలు సవరించుచుండెను. పాఠము చెడుచుండెను. ఆ విసుగుతో జాన్సన్ విద్యుత్తుతో పనిచేయు ఉష్ణసూచకమును కల్పించి 1883లో హక్కుపత్రము పొందెను. 1885లో మిల్వాకీ నగరమున కంపెనీ స్థాపించెను. పాఠము నడుమ తలుపు చప్పుడైనపుడు కలుగు కోపమునకు ఇంతటి ఫలము కలుగునని మాలో ఎవ్వరును ఊహింపలేదు.

అయితే యంత్రమునకు చెప్పవలసిన అంకెలు మూడని, వాని స్వభావమిదియని తేటపరచినది ఓడల విద్య. నికొలాస్ మినోర్‌స్కీ అను రష్యాదేశీయుడు అమెరికా నౌకాదళమునకు పనిచేయుచు, చుక్కాని పట్టు సరంగులు ఏమి చేయుదురో శ్రద్ధగా గమనించి 1922లో వ్యాసము ప్రకటించెను. మంచి సరంగు ఓడ ఎంత ప్రక్కకు తిరిగినదో అంతమాత్రమే చూడడు. ఎంతసేపటినుండి ప్రక్కకే యున్నదో కూడ మనసున లెక్కవేయును. ఇప్పుడే దిక్కునకు ఎంత వేగముగా తిరుగుచున్నదో కూడ చూచును. గోదావరిలో పడవ నడిపినవారికి ఇది చెప్పనక్కరలేదు.

ఈ మూటికి పేర్లు ప్రొపోర్షనల్, ఇంటిగ్రల్, డెరివేటివ్ అని. పిల్లలకు ఈ మాటలు భయము పుట్టించును గాని, మనకు వీనికి సమీపమైన మాటలు కలవు. మొదటిది త్రైరాశికము: డిగ్రీ లోటునకు ఇంత తెరపయినచో రెండు డిగ్రీలకెంత? రెండవది సంకలితము: క్షణక్షణపు లోటును కూడికవేసి, ఆ మొత్తమునకు తగినంత తెరచుట. మూడవది గతి: లోటు ఏ వేగమున మారుచున్నదో చూచుట. భాస్కరాచార్యుడు 1150లో వ్రాసిన సిద్ధాంతశిరోమణిలో గ్రహముల తాత్కాలికగతిని, అనగా ఆ క్షణమునందలి వేగమును, విచారించినాడు. దీనిచేత భాస్కరుడు కవాటములకు మోటారులు బిగించినాడని నేననను. అట్లనువారి పక్షమున నేను లేను. మాట మనకున్నది గనుక వాడుకొందమని మాత్రమే నా మనవి.

త్రైరాశికము ఒక్కటియే చాలదా అనిన, చాలదు. లోటు ఉన్నంతవరకే అది కవాటమును అదనముగా తెరచి యుంచును. లోటు తీరగానే ఆ తెరపును మూసివేయును. మూసినచో మరల లోటు పుట్టును. కావున కొంత లోటు ఎప్పుడును మిగిలియే యుండి, 38 కోరినచోట 36 వద్ద నిలిచిపోవును. గుణకమును పెంచిన మిగులు తగ్గును గాని ఊగిసలాట పుట్టును. సంకలితము ఆ మిగిలిన రెండు డిగ్రీలను బాకీవలె ఖాతాలో వ్రాసికొనుచు, బాకీ తీరువరకు మెల్లగా తెరచుచుండును. ఇందులోనొక దోషము కలదు. రాత్రి పొయ్యి ఆరి తొట్టి చల్లబడినపుడు కవాటము పూర్తిగా తెరచినను 38 రాదు. బాకీ మాత్రము తెల్లవారువరకు పెరుగును. ఉదయము కట్టెలు వేయగానే ఆ పేరుకొన్న బాకీయంతయు ఒక్కమారు వసూలగును, నీరు హద్దుమీరి వేడెక్కును. మంచి యంత్రములలో కవాటము పూర్తిగా తెరచుకొన్న వెంటనే బాకీ వ్రాయుట ఆపు ఏర్పాటుండును. అది యున్నదో లేదో పుస్తకములో చూచుకొనవలయును. ఇక మూడవదగు గతి, నా అభిప్రాయమున, ఈ కవాటమునకు సున్నగా నుంచుటయే మేలు. సెన్సరు చూపు అల్పమైన అదురునకెల్ల అది ఉలికిపడి మోటారును వృథాగా కదలించును.

ఒక ఇంట జరిగినది చెప్పెదను. మూడేండ్ల క్రిందట స్వీడను దక్షిణభాగమున నా కుమార్తె ఇంట శీతకాలము గడపితిని. పురిటి గది క్రింది అంతస్తులో నుండెను. పిల్లవాడు పుట్టిన పదునైదవనాటి రాత్రి రెండు గంటలకు గది చల్లబడెను. తెల్లవారునప్పటికి లోపల 16 డిగ్రీలు, బయట మంచు. బాలింతను, బిడ్డను పైగదికి చేర్చి దుప్పట్లు కప్పితిమి. పనివాడు వచ్చి ఒక మీట నొక్కి, నేలనీటిపంపును నడిపించి పోయెను. నాలుగవనాటికి మరల అదేకథ. మూడవమారు ఆయన యంత్రమంతయు మార్చవలయునని పెద్దమొత్తము చెప్పెను. ఆయన ఎవ్వరైనది నేను చెప్పను. సంగతి యేమనగా, నీరు 45 డిగ్రీలు దాటినచో నేలను కాపాడుటకై పంపును నిలుపు రక్షణమీట యొకటి యుండును. అది తన పని తాను సరిగానే చేయుచుండెను. నీరు 45 ఎందుకు దాటుచున్నదని ఎవ్వరును అడుగలేదు.

నా అల్లుడు "మామయ్యగారూ, ఇది మనకు తెగే పని కాదేమో" అనెను. "నాయనా, కాగితమున్నది, గడియారమున్నది. ముందు చూతము" అంటిని. అరగంటసేపు పది సెకనులకొకమారు నీటి వేడిమిని అతడు చదువుచుండ నేను వ్రాసితిని. 30కి దిగును, 46కి ఎక్కును, మరల దిగును. ఎక్కుటకు దిగుటకు కలిపి మూడు నిమిషములకు పైగా పట్టుచుండెను. మోటారు క్షణము నిలువక అటునిటు తిరుగుచుండెను.

అంకెలు దిద్దుటకు పూర్వము యంత్రపు అవయవములను చూడవలయును. ఇది ముఖ్యము; పదింట ఏడుమారులు చిక్కు అంకెలలో ఉండదని ఆ పనిలో అనుభవమున్న మరియొకరు తరువాత నాతో చెప్పిరి. సెన్సరు గొట్టమునకు ప్లాస్టిక్ కట్టుతో వ్రేలాడుచుండెను, లోహము లోహమును తాకుటలేదు. వేడిమి గాలిలో నుండి దానికి చేరవలసి వచ్చినది గనుకనే అంత జాగు. గొట్టమును శుభ్రముగా తుడిచి, వేడిని ప్రసరింపజేయు లేపనము పూసి, లోహపు పట్టీతో బిగించి, పైన దళసరి తొడుగు చుట్టితిమి. రెండవది మోటారు కాలము. మోటారుమీది చీటిలో కవాటము ఈ కొసనుండి ఆ కొసకు తిరుగుటకు 120 సెకనులని యుండెను. నియామకయంత్రములో 240 అని వ్రాసియుండెను. యంత్రము కవాటమును పదిపాళ్ళు కదల్చదలచి, 240లో పదవవంతగు 24 సెకనులు మోటారును నడపును. ఆ మోటారు 24 సెకనులలో ఇరువదిపాళ్ళు కదలును. చెప్పినదానికి రెట్టింపు పని. దోసెడు పోయుమనిన కుండెడు పోసినట్లు! అంకెను 120గా దిద్దితిమి. ఇవి రెండును యంత్రపు తెరమీదను, గొట్టముపైనను చేయునవే. మూత విప్పి తీగలు ముట్టుట లైసెన్సు గల పనివాని పని, దాని జోలికి పోలేదు. ఒక ముక్క చెప్పి విడిచెదను. తెరచు తీగయు మూయు తీగయు తారుమారైనచో నీరు చల్లబడినకొద్ది కవాటము మూసికొనును. అట్టి ఇంట ఏ అంకెలును పనిచేయవు.

పిమ్మట అంకెలు. పరీక్షకు రెండు మార్గములు కలవు. మొదటిది 1942లో జీగ్లర్, నికోల్స్ అను ఇద్దరు అమెరికా ఇంజనీర్లు ప్రకటించినది. వారు రోచెస్టరు నగరములో కొలత పరికరములు చేయు కంపెనీలో పనివారు. సంకలితమును, గతిని ఆపివేసి, గుణకమును కొద్దికొద్దిగా పెంచుచు పోవలయును. ఒకచోట నీటి వేడిమి చావక, పెరుగక, సమముగా ఊగుచుండును. ఆ గుణకమును, ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు పట్టు కాలమును వ్రాసికొనవలయును. మాకు తొట్టి 70 డిగ్రీలున్నపుడు, డిగ్రీకి 10 పాళ్ళ గుణకము వద్ద ఊగిసలాట నిలిచినది. కాలము 54 సెకనులు. వారి సూత్రము చొప్పున గుణకము అందు నూటికి 45 వంతులు, అనగా 4.5; సంకలిత కాలము 54ను 1.2చే భాగింపగా 45 సెకనులు. ఈ పరీక్ష చేయునపుడు కోరిన వేడిమిని తక్కువగా, 33 వద్ద నుంచుకొనుట మంచిది. ఊగినను 45కి చాల దూరము.

ఈ సూత్రము కర్మాగారములకు పుట్టినది. ఒక అల తరువాతి అల నాలుగవవంతయిన చాలునని వారి లక్ష్యము. ఇంటికి అంత చురుకు అవసరము లేదు. నేల గంటల మీద వేడెక్కును గనుక నిమిషముల తొందరతో వచ్చు లాభమేమియు లేదు. మోటారు మాత్రము అరుగును. అందుచేత నాకు రెండవ మార్గము ఎక్కువ నచ్చినది. నార్వేదేశపు స్కోగెస్టాడ్ 2003లో దీనిని సులభసూత్రములుగా కూర్చెను. ఇందులో ఊగింపనక్కరలేదు. కవాటమును చేతితో నడుపు పద్ధతికి మార్చి, 20 పాళ్ళనుండి 30 పాళ్ళకు ఒక్కమారు తెరచి, ఊరక వ్రాయుచు కూర్చుండవలయును.

మా కాగితములో ఇట్లు తేలెను. మొదటి 15 సెకనులు ఏ మార్పును లేదు, ఇది జాగు. తరువాత ఎక్కనారంభించి 38నుండి 42కు చేరి నిలిచినది. పదిపాళ్ళకు నాలుగు డిగ్రీలు, అనగా పాలునకు 0.4. మొదట వ్రేళ్ళపై వేసిన త్రైరాశికము గొట్టములోని నీటిలో అట్లే కనబడినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతయని చెప్పలేను. ఆ నాలుగు డిగ్రీలలో నూటికి 63 పాళ్ళు, అనగా రెండున్నర డిగ్రీలు, ఎక్కుటకు జాగు పోను 35 సెకనులు పట్టినది. సూత్రమేమనగా: ఈ 35ను, 0.4 పెట్టి జాగునకు రెట్టింపగు 30తో హెచ్చింపగా వచ్చు 12చే భాగించిన గుణకము వచ్చును. 35ను 12చే భాగింపగా ఇంచుమించు 2.9. సంకలిత కాలము ఆ 35 సెకనులే. (జాగు ఎనిమిదింతలు ఆ 35 కంటె తక్కువైనచో జాగు ఎనిమిదింతలనే తీసికొనవలయును, మాకు ఎనిమిది పదునైదులు 120 గనుక ఆ నియమము తగులలేదు.) మొదటి మార్గము 4.5 అనినది, రెండవది 2.9 అనినది. ఇందు విరోధము లేదు. ఒకరు చురుకు కోరిరి, ఒకరు నెమ్మది కోరిరి.

కాని 2.9 కూడ వ్రాయలేదు. కారణము వినుడు. పరీక్ష తొట్టి 70 డిగ్రీలున్నపుడు చేసితిమి. సాయంకాలము తొట్టి 85 అయినచో, 85లో 30 పోగా 55, పాలునకు 0.4 కాదు, 0.55. అదే కదలికకు వేడిమి మరింత ఎగురును. తెల్లవారుజామున 50 అయినచో, 50లో 30 పోగా 20, పాలునకు 0.2 మాత్రమే. ఒకే అంకె సాయంకాలము దురుసు, ఉదయము మందము అగును. ఉదయపు మందము వలన నష్టము కొద్దిపాటి ఆలస్యమే. సాయంకాలపు దురుసు పంపును నిలుపును. కావున మిక్కిలి వేడిగా నున్న తొట్టిని తలచుకొనియే అంకె పెట్టవలయును. 35ను, 0.55 పెట్టి 30ని హెచ్చింపగా వచ్చు 16.5చే భాగించిన 2.1. గుణకము 2, సంకలిత కాలము 45 సెకనులు అని వ్రాసితిమి. లోటు అర డిగ్రీలోపల నున్నచో మోటారు కదలరాదని మరియొక అంకె పెట్టితిమి. దీనిని ఉపేక్ష యనవచ్చును. ఆ రాత్రి నీరు 37కు 39కి నడుమనే యుండెను. రక్షణమీటను మేము ముట్టలేదు, దాని 45ను పెంచలేదు. పంపు మాటిమాటికి నిలుచుచున్నదని దానిని 55కి పెంచి ఊరకుండు ఇండ్లు కలవని వింటిని. అది కాపలావానికి నిద్రమందు పెట్టుట.

యంత్రములు కొన్ని ఈ అంకెలను తామే కనుగొనును. దానికి మార్గము కూడ స్వీడనుదే. లూండ్ విశ్వవిద్యాలయమునందలి ఆస్త్రోమ్, హాగ్లుండ్ అను వారు 1984లో దానిని ప్రకటించిరి. గుణకమును పెంచుకొనుచు పోవుటకు బదులు, యంత్రము కవాటమును కొద్దిగా తెరచును, వేడిమి గురి దాటగానే కొద్దిగా మూయును, మరల తెరచును. తనకు తానే ఒక చిన్న, హద్దుగల ఊగిసలాటను పుట్టించి, దాని కాలమును, ఎత్తును కొలిచి లెక్కవేసికొనును. యంత్రపు జాబితాలో ఆటోట్యూన్ అనునదియున్నచో అది ఇట్టిదే అయియుండవచ్చును. దానిని నడుపవచ్చును గాని, సెన్సరు వ్రేలాడుచుండగా నడిపినచో వ్రేలాడు సెన్సరునకు తగిన అంకెలనే అది తెచ్చును.

కోరిన వేడిమి 38 అని ఎవరు నిర్ణయింతురు? బయటి గోడకు నీడపట్టున మరియొక సెన్సరుండును. బయట 10 డిగ్రీలున్నపుడు నీరు 28, బయట సున్నకు దిగువ 10 ఉన్నపుడు నీరు 38, నడుమ సున్న వద్ద 33, ఇట్లొక వాలుగీత గీసి యంత్రమునకిత్తురు. గది ఎప్పుడును చల్లగా నున్నదన్న ఫిర్యాదునకు మందు ఈ గీతలో నున్నది, గుణకములో లేదు. గీతను దిద్దిన పిమ్మట ఒక దినమైనను వేచిచూడవలయును, నేలకు అంత కాలము పట్టును. అరగంటకొకమారు దిద్దువారు ముసలమ్మ గంగాళమును పాడుచేసిన వారి వంటివారు.

స్నానపు నీటిని గూర్చి కొంచెము. అచట నిలువనీటిని 60 డిగ్రీలుంచుదురు. 1976లో ఫిలడెల్ఫియా నగరమున ఒక సమావేశమునకు వచ్చిన మాజీ సైనికులు అనేకులు న్యుమోనియాతో మరణించిరి. మరుసటి సంవత్సరము దానికి కారణమైన క్రిమిని కనుగొనిరి, పిమ్మట దానికి లీజియోనెల్లా అని పేరిడిరి. అది గోరువెచ్చని నీటిలో పెరుగును, 60 డిగ్రీలలో చచ్చును. కాని 60 డిగ్రీల నీరు వృద్ధుల చర్మమును, పసివారి చర్మమును కొన్ని సెకనులలోనే కాల్చును. అందుచేత కుళాయికి ముందు చిన్న కలుపు కవాటముండును. దానికి మోటారు లేదు, అంకెలు లేవు. లోపలి మైనము వేడికి ఉబ్బి తానే ద్వారమును మూయును. సుద్దనీరు గల ఊళ్ళలో అది పట్టుకొనిపోవును గనుక ఏటేట పరీక్షింపవలయును. మనుమనికి నీళ్ళుపోయుటకు ముందు, యంత్రము ఎంత మంచిదైనను, మోచేయి ముంచి చూచుట మానకుడు.

ఎండాకాలము వచ్చినపుడు వెచ్చచేయు పని ఆగును. నాలుగునెలలు కదలని కవాటము తుప్పుతోను మడ్డితోను బిగిసికొనును, శరత్తున మోటారు దానిని త్రిప్పలేకపోవచ్చును. వారమునకొకమారు పంపును ఒక నిమిషము నడిపి, కవాటమును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పు ఏర్పాటు చాల యంత్రములలో కలదు, దానిని ఆపియుంచరాదు. మా అల్లుడు ఆ గుణకమును, సంకలిత కాలమును, మోటారు కాలమును, పరీక్షించిన తేదీని ఒక చీటిలో వ్రాసి, యంత్రపు మూత లోపలివైపున అంటించెను. కరెంటు పోయి అంకెలు చెరిగినను, పనివాడు మారినను, చీటి అచటనే యుండును.